అరుపు నుంచి సింథ్ దాకా: చెక్ బ్యాండ్ ‘సన్‌షైన్’ ధ్వని ఎందుకు మారింది?

సంక్షిప్తంగా: చెక్ రిపబ్లిక్‌లోని టాబోర్ పట్టణంలో 1990ల తొలి సగంలో హార్డ్‌కోర్ (వేగం, హోరు పెంచిన పంక్ రాక్), దాని నుంచే వచ్చిన ఎమో (సొంత గుండెకోతను పాడే శైలి) వాయించే బ్యాండ్‌గా పుట్టిన సన్‌షైన్, పదేళ్లు తిరగకముందే సింథసైజర్లు (విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే వాద్యాలు, పొట్టిగా సింథ్‌లు), నృత్య లయలు నిండిన చీకటి న్యూవేవ్ (పంక్ తర్వాత వచ్చిన, సింథ్‌లు కలిసిన రాక్) వైపు వచ్చేసింది. అభిరుచి మారిందనో, అమ్ముడుపోయారనో చెప్పి ఊరుకుంటే ఈ మార్పు అర్థం కాదు. రికార్డు నిడివి, డ్రమ్మర్ చెవిలో మోగే తాళం, అమెరికా చిన్న సంస్థలతో కుదిరిన సంబంధం, ఇంగ్లీషులో పాడాలన్న నిర్ణయం కలిసి ఆ ధ్వనిని మలిచాయి.

సన్‌షైన్ పేరు తెలుగు పాఠకుల్లో చాలామంది విని ఉండరు. చెక్ దేశం బయట ఆ బ్యాండ్ గుర్తున్నవారికి సాధారణంగా గుర్తుండేది ఒక్కటే: టెక్సస్ రాష్ట్రం ఎల్ పాసోకు చెందిన ఎట్ ద డ్రైవ్-ఇన్‌తో కలిసి 2000లో బోస్టన్ సంస్థ బిగ్ వీల్ రిక్రియేషన్ ద్వారా వెలువరించిన ఉమ్మడి రికార్డు. ఆ దారిన సన్‌షైన్ దగ్గరికి వచ్చిన శ్రోత, ఎమో వింటానని కూర్చుని 2001 నాటి ‘నెక్రోమాన్స్’ ఆల్బమ్ పెడితే తికమక పడతాడు. అక్కడ వినిపించేది 1980ల నాటి చీకటి క్లబ్బుల సంగీతానికి దగ్గరి చుట్టం. ఆ తర్వాత వచ్చిన ‘మూన్‌షవర్ అండ్ రేజర్‌బ్లేడ్స్’ ఇంకా నునుపుదేలి ఉంటుంది. తొలినాటి పాటలు పెడితే వేరే బ్యాండేమో అనిపిస్తుంది. గాయకుడు, గిటారిస్టు కే బురియానెక్ మాత్రం అదే మనిషి.

పాటల యాప్‌లు ఈ గందరగోళాన్ని పెంచాయి. పదేళ్ల ఎడంతో వచ్చిన రికార్డులు ఒకే తెరమీద పక్కపక్కన, ఒకే ముద్ర కింద కనిపిస్తాయి. మధ్యలో జరిగినదంతా మాయమైపోతుంది.

ఒకే పేరు కింద మూడు సంగీతాలు

ముందుగా ఎమో అనే పేరు సంగతి తేల్చుకోవాలి. ఈ పేరు చెప్పగానే నల్ల దుస్తులు, కంటిమీద పడే జుట్టు, మై కెమికల్ రొమాన్స్ పోస్టర్లు చాలామందికి గుర్తొస్తాయి. అది 2000ల నాటి రూపం. మొదటి రూపం దానికి ఇరవై ఏళ్ల ముందుది. వాషింగ్టన్ నగరంలో హార్డ్‌కోర్ పంక్ కచేరీలు కొట్లాటలుగా మారిపోతున్న కాలంలో, 1985 వేసవి ప్రాంతంలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్ వంటి బ్యాండ్లు అదే వేగాన్ని, అదే గిటారు హోరును పట్టుకుని రాజకీయ నినాదాల స్థానంలో సొంత గుండెకోతను పాడాయి. ఆ పాటలను అచ్చువేసింది డిస్కార్డ్ అనే చిన్న సంస్థ. ‘ఎమోకోర్’ అన్న ముద్ర ఆ సంగీతకారులకే నచ్చలేదు.

1990లలో అది రెండు పాయలైంది. ఒక పాయ సియాటిల్, షికాగో ప్రాంతాల్లో నెమ్మదించి రాగాన్ని ఆశ్రయించింది. సన్నీ డే రియల్ ఎస్టేట్ 1994లో విడుదల చేసిన ‘డైరీ’ దానికి మంచి ఉదాహరణ. రెండో పాయ కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో గ్రావిటీ రికార్డ్స్ చుట్టూ చేరి మరింత చిందరవందరగా, మరింత అరుపుగా మారింది. హెరోయిన్, ఆంటియోక్ యారో ఆ గుంపులోవి. పాటలు చిన్నవి, గిటార్లు ఒకదానితో ఒకటి గొడవపడతాయి, గాయకుడు ఊపిరి అందక ఆగిపోతాడు.

యూరప్‌లోని చిన్న బృందాలకు ఈ రెండో పాయ త్వరగా అంటుకుంది. దానికి ఖరీదైన స్టూడియో అక్కరలేదు, తీర్చిదిద్దిన కంఠం అక్కరలేదు. ఒక వ్యాను, రెండు యాంప్లిఫయర్లు చాలు. ఇక్కడే గమనించాల్సిన విషయం ఒకటుంది. ఎమో ఎన్నడూ స్థిరమైన శైలి కాదు. మొదలైన పదేళ్లలోనే అది వేర్వేరు రూపాల్లోకి వెళ్లిపోయింది. కాబట్టి ఒక బ్యాండ్ ఎమోను వదిలేసిందా అని అడిగే ముందు ఏ ఎమోను అన్నది తేలాలి.

1989 తర్వాతి టాబోర్

టాబోర్ దక్షిణ బొహీమియాలోని చిన్న పట్టణం. 1420లో హుస్సైట్ తిరుగుబాటుదారులు (మత సంస్కర్త యాన్ హుస్ అనుచరులు) కట్టుకున్న ఊరుగా చెక్ చరిత్రలో దానికి గట్టి పేరుంది. ప్రాగ్ నుంచి రైలెక్కితే దక్షిణంగా గంటన్నర లోపు దూరం. రాజధానికి మరీ దగ్గర కాదు, మరీ దూరం కాదు. అలాంటి ఊళ్లలో బ్యాండ్లు తమ సొంత గుంపును తామే తయారుచేసుకోక తప్పదు.

సన్‌షైన్ 1993లో అక్కడ మొదలైంది. ఆ ఏడాది జనవరి 1న చెకోస్లొవేకియా రెండు దేశాలుగా విడిపోయింది. అంతకు మూడేళ్ల ముందే, 1989 నవంబరులో కమ్యూనిస్టు ప్రభుత్వం కూలింది. అప్పటిదాకా బహిరంగంగా కచేరీ చేయాలంటే బ్యాండ్ అధికారుల ముందు అర్హత పరీక్షకు నిలబడాల్సి వచ్చేది. సంగీతంతో పాటు వేషం, పాటల భావం, సిద్ధాంత జ్ఞానం కూడా చూసేవారు. ఇంగ్లీషు పేర్లను మార్పించారు. 1960ల చివర పుట్టిన బ్లూ ఎఫెక్ట్ బ్యాండ్ అందుకే కొంతకాలానికి మోడ్రీ ఎఫెక్ట్ అయింది. 1976లో ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్ బృందం వారిని కోర్టుకీడ్చి జైలుకు పంపారు. 1983లో పార్టీ వారపత్రిక ‘ట్రిబునా’ న్యూవేవ్, పంక్ సంగీతాల మీద విరుచుకుపడే వ్యాసం వేసింది. ఆ తర్వాత చాలా బృందాలకు వేదిక దొరకకుండా పోయింది.

ఈ నేపథ్యం సన్‌షైన్ తరానికి నేరుగా తగిలిన దెబ్బ కాదు. వారు పెద్దవాళ్లయ్యేసరికి తలుపులు తెరుచుకున్నాయి. ఫలితం మాత్రం వారి సంగీతంలో ఉంది. అమెరికాలో పంక్, పోస్ట్-పంక్ (పంక్ వెనకే వచ్చిన ప్రయోగాత్మక రాక్), హార్డ్‌కోర్, ఎమో అనేవి ఒకదాని తర్వాత ఒకటి, ఒకదానిని ధిక్కరిస్తూ మరొకటిగా వచ్చాయి. చెక్ యువతకు 1990లలో అవన్నీ ఒకేసారి, ఒకే క్యాసెట్ పెట్టెలో అందాయి. బ్రిటిష్ పోస్ట్-పంక్ బ్యాండ్ జాయ్ డివిజన్‌ను కాదని హెరోయిన్‌ను ఎంచుకోవాల్సిన తరాల తగాదా అక్కడ అంత బలంగా లేదు. అందుకే 1990ల చివర సన్‌షైన్ 1980ల సింథ్ ధ్వనుల వైపు తిరగడాన్ని వెనక్కి వెళ్లడంగా చూడకూడదు. ఆ పాటలు మొదటి నుంచీ వారి పక్కనే ఉన్నాయి.

ఏడంగుళాల రికార్డు గీసిన గీత

హార్డ్‌కోర్, ఎమో బృందాలకు తొలి మెట్టు ఏడంగుళాల వినైల్ రికార్డు. నిమిషానికి 45 చుట్ల వేగంతో తిరిగితే ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. 33 చుట్లకు తగ్గిస్తే మరో రెండు నిమిషాలు దొరుకుతాయి. దానికి బదులుగా శబ్దం పలచబడుతుంది. ఇందులో రెండు పాటలు ఇమడాలంటే ఒక్కోటి రెండు నిమిషాల చిల్లరలో ముగియాలి. నెమ్మదిగా పేరుకునే ఆరంభానికి, పొడవైన వాద్య భాగానికి చోటుండదు. అప్పటి ఎమో పాటలు ఒక్కసారిగా పేలి ఆగిపోయేవంటే, ఉద్వేగంతో పాటు ఈ లెక్క కూడా కారణమే.

చెక్ బృందాలకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. ప్రాగ్‌కు పడమరగా ఉన్న లొడ్యెనిత్సే గ్రామంలో 1951 నుంచి రికార్డులు అచ్చువేస్తున్న కర్మాగారం ఉంది. కమ్యూనిస్టు కాలంలో ప్రభుత్వ సంస్థ. ఇప్పుడు జీజెడ్ మీడియా పేరుతో ప్రపంచంలోనే అతిపెద్ద వినైల్ తయారీదారుల్లో ఒకటి. సీడీల జోరులో పశ్చిమ దేశాల్లో అచ్చు యంత్రాలు పాత ఇనుముకు వెళ్లిపోతున్న రోజుల్లో ఇక్కడివి ఆగలేదు. యూరప్, అమెరికా పంక్ సంస్థలు కూడా తక్కువ ఖర్చుకు ఇక్కడే అచ్చు వేయించుకున్నాయి. అలా చెక్ బృందాలకు కొద్ది ప్రతుల రికార్డు తీసుకురావడం అందుబాటులోకి వచ్చింది. పశ్చిమ బొహీమియాలోని హొరజ్‌జొవిత్సే అనే చిన్న ఊరి నుంచి నడిచిన డే ఆఫ్టర్ రికార్డ్స్ ఈ రంగంలో ముఖ్యమైన సంస్థ. సన్‌షైన్ తొలి అడుగులు దాని అండతోనే పడ్డాయి.

పూర్తి నిడివి ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తారుమారవుతుంది. నలభై నిమిషాల పాటు ఒకే స్థాయిలో అరిస్తే వినేవారి చెవి మొద్దుబారిపోతుంది. ఎత్తుపల్లాలు కావాలి, గాలి ఆడాలి. 1990ల చివరి ‘వెల్వెట్ సూసైడ్’ కాలానికి సన్‌షైన్ పాటల్లో ఈ అవసరం కనిపించడం మొదలైంది. ఖాళీలను నింపడానికి మూడో గిటారు కన్నా కీబోర్డు మేలు. గిటారు స్వరం మీటగానే క్షీణిస్తుంది, కీబోర్డు స్వరం వేలు తీసేదాకా నిలబడుతుంది.

వాద్యాల్లో అసలు ఏం మారింది

ధ్వని మారిందని అందరూ అంటారు. ఏది ఎలా మారిందో విడదీసి చూసినప్పుడే విషయం తేటపడుతుంది. అన్నిటికన్నా ముందు చూడాల్సింది డ్రమ్స్.

హార్డ్‌కోర్ పాట నడక సాధారణంగా నిమిషానికి 180 దెబ్బలకు అటూ ఇటూగా ఉంటుంది, తరచూ దాటిపోతుంది. నృత్య సంగీతం 120, 130 దగ్గర తిరుగుతుంది. ఈ తేడా వేగానికే పరిమితం కాదు. పాత ఎమోలో డ్రమ్మర్ గాయకుడి ఊపిరిని అనుసరిస్తాడు. చరణం చివర గొంతు బిగుసుకుంటే నడక కాస్త జోరందుకుంటుంది, అరుపు తర్వాత వచ్చే నిశ్శబ్దంలో వెనక్కి తగ్గుతుంది. వినేవారికి బ్యాండ్ మొత్తం ఒకే శరీరంలా తోస్తుంది. అదంతా ఎవరూ రాసిపెట్టినది కాదు, గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయించడం వల్ల దానంతటది వచ్చేది.

సీక్వెన్సర్ వచ్చాక అది కుదరదు. సింథసైజర్ చేత ముందే పొందుపరిచిన వరుసను వాయించాలంటే యంత్రం తన లెక్క ప్రకారమే నడుస్తుంది. డ్రమ్మర్ చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని టక్, టక్ మని మోగే తాళాన్ని పట్టుకుని వాయించాలి. గాయకుడు ఎంత ఊగిపోయినా ఆ తాళం జరగదు. అప్పుడు ఉద్వేగం వేరే దారి వెతుక్కుంటుంది. వేగం పెంచి చూపించలేని తీవ్రతను పొరలు పెంచి చూపించాలి. మొదట హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట సింబల్స్) ఒక్కటే, తర్వాత బేస్, తర్వాత కీబోర్డు, చివర గిటారు. ఎమో నుంచి ఎలక్ట్రానిక్ వైపు వచ్చిన బృందాల పాటలు మెట్లెక్కినట్టు పేరుకోవడానికి మూలం ఇదే. ‘హిస్టెరికల్ స్టీరియో లూప్స్, బీట్స్ అండ్ బ్లడీ లిప్స్’ అన్న సన్‌షైన్ రికార్డు పేరులోనే లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే ధ్వని ముక్కలు), బీట్లు ముందుకొచ్చి కూర్చున్నాయి. ఆ బృందం ధ్యాస ఎటు మళ్లిందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రెండోది బేస్ గిటారు. హార్డ్‌కోర్‌లో అది గిటారు వెన్నంటే ఉంటుంది. వినపడకపోయినా ఎవరూ వెతకరు. పోస్ట్-పంక్ సంప్రదాయంలో రాగం బేస్ చేతిలో ఉంటుంది, గిటారు అంచులు దిద్దుతుంది. 1990ల చివరి నుంచి సన్‌షైన్ పాటల్లో బేస్ ముందుకు జరిగింది. దాంతో గిటారు మీద బరువు తగ్గింది. రెండు చేతులా తీగలన్నీ మోగించి గోడ కట్టాల్సిన పని లేదు. సన్నటి స్వరాన్ని ప్రతిధ్వనిలో ముంచి వదిలేస్తే సరిపోతుంది.

గొంతు విషయంలో మార్పు తక్కువ. నాణ్యమైన మైకు, ఎక్కువ శబ్దం తట్టుకునే స్పీకర్లు ఉన్నచోట గాయకుడు అరవకుండానే వాద్యాల మీదుగా వినపడగలడు. ప్రాగ్‌లో స్ట్రాహొవ్ విద్యార్థి వసతి గృహాల ఏడో భవనం నేలమాళిగలో ‘007’ అనే పాత క్లబ్ ఉంది. అలాంటి తక్కువ ఎత్తు గదుల్లో డ్రమ్స్ శబ్దం గోడలకు తగిలి తిరిగొస్తుంది, మాట నలిగిపోతుంది. అక్కడ గట్టిగా అరవడం కళాభిరుచి ఎంతో, గత్యంతరం లేకపోవడమూ అంతే. పెద్ద వేదిక ఎక్కాక ఆ నిర్బంధం పోతుంది. బురియానెక్ గొంతు అరుపు నుంచి పాట వైపు వచ్చింది కానీ దాని బిగువు, పదాన్ని చివర్లో విదిలించే తీరు పోలేదు. పాత రికార్డునూ కొత్త రికార్డునూ కలిపే దారం అదే. దాన్ని పట్టుకుని వింటే రెండూ ఒకే బ్యాండ్‌వని నమ్మడం కష్టం కాదు.

అట్లాంటిక్ అవతల అదే మలుపు

ఈ దారి సన్‌షైన్ ఒక్కటే తొక్కలేదు. కొలరాడోలోని బోల్డర్‌లో ఏంజెల్ హెయిర్ అనే బ్యాండ్ 1990ల మధ్యలో శాన్ డియేగో తరహా చిందరవందర ఎమో వాయించింది. అది ముగిశాక అందులోని సభ్యులే ద వీఎస్ఎస్ అనే కొత్త బ్యాండ్ పెట్టి కీబోర్డును మధ్యలో నిలబెట్టారు. 1997 నాటి ‘నర్వస్ సర్క్యూట్స్’ ఆల్బమ్ ఆ ప్రయోగం ఫలితం. ఆ రెండు బ్యాండ్ల గాయకుడు సన్నీ కే, గోల్డ్ స్టాండర్డ్ లాబొరేటరీస్ అనే రికార్డు సంస్థను నడిపాడు. సన్‌షైన్ రికార్డులు అమెరికాలో వెలువరించిన సంస్థల్లో అది ఒకటి.

నెబ్రాస్కాలోని ఒమాహా బ్యాండ్ ద ఫెయింట్ కూడా గిటారు బృందంగా మొదలై 1999 నాటి ‘బ్లాంక్-వేవ్ ఆర్కేడ్’, 2001 నాటి ‘డాన్స్ మకాబ్ర్’ ఆల్బమ్‌లతో సింథ్ పాప్ వైపు వెళ్లింది. స్వీడన్ హార్డ్‌కోర్ బ్యాండ్ రెఫ్యూజ్డ్ 1998లో ‘ద షేప్ ఆఫ్ పంక్ టు కమ్’ ఆల్బమ్‌లో ఎలక్ట్రానిక్ ముక్కలను చొప్పించింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే 1997 నుంచి 2001 దాకా నాలుగైదేళ్లలో, ఒకే రకం నేపథ్యం నుంచి వచ్చిన బృందాలు వేర్వేరు దేశాల్లో దాదాపు ఒకే మలుపు తిరిగాయి. ఒకరినొకరు అనుకరించారని చెప్పడం తేలిక. అంతకన్నా బలమైన కారణం సామగ్రి. శాంప్లర్లు (రికార్డు చేసిన ధ్వని ముక్కలను తిరిగి వినిపించే యంత్రాలు), పాత అనలాగ్ సింథసైజర్లు అప్పటికి సెకండ్ హ్యాండ్ అంగళ్లలో చవకగా దొరికాయి. కంప్యూటర్ మీద రికార్డు చేయడం చిన్న స్టూడియోలకూ అందుబాటులోకి వచ్చింది. అరుపుల ఎమోలో చేయగలిగినదంతా అప్పటికే చేసేశామన్న అలసట కూడా ఆ గుంపులో ఉంది. రెండు నిమిషాల పేలుడును అంతకన్నా పెద్దగా పేల్చడం ఎవరికీ సాధ్యం కాదు.

ఎట్ ద డ్రైవ్-ఇన్ ఇదే చౌరస్తాలో నిలబడి వేరే దారి పట్టింది. 2000 సెప్టెంబరులో ‘రిలేషన్‌షిప్ ఆఫ్ కమాండ్’ విడుదలై పెద్ద పేరు తెచ్చింది. మరుసటి ఏడాదే బ్యాండ్ చీలిపోయింది. కొందరు స్పార్టాగా పాత గిటారు రాక్‌ను కొనసాగించారు, ఇద్దరు మార్స్ వోల్టా పెట్టి సుదీర్ఘమైన ప్రయోగాలకు వెళ్లారు. ఒకే బ్యాండ్‌లో ఇమడని రెండు కోరికలు రెండు బ్యాండ్లయ్యాయి. సన్‌షైన్ పేరు మార్చలేదు. ధ్వని మారిన ప్రతిసారీ పాత శ్రోతలు నిరాశ పడటానికి ఆ ఒక్క కారణం చాలు. ఏంజెల్ హెయిర్ వాళ్లు ద వీఎస్ఎస్ అని పేరు మార్చుకున్నప్పుడు పోలిక పెట్టి నిలదీసే అవకాశమే లేకపోయింది.

చెక్ గొంతు, ఇంగ్లీషు పాట

సన్‌షైన్ ఇంగ్లీషులో పాడుతుంది. దీన్ని విదేశీ మార్కెట్ కోసమనుకోవడం సహజం. కారణాల్లో అదొకటి కావచ్చు, అసలు చిక్కు ఛందస్సులో ఉంది.

చెక్ భాషలో ఊనిక ఎప్పుడూ పదం మొదటి అక్షరం మీదే పడుతుంది. హ్రస్వ దీర్ఘాల తేడా ఊనికతో సంబంధం లేకుండా దాని మానాన అది ఉంటుంది. తెలుగువారికి ఇది అర్థం కావడం తేలిక, మన గురులఘువులు కూడా మాటలోని ఊపును బట్టి మారవు. స్నేహితుడు అనే అర్థమున్న చెక్ మాటను తెలుగు లిపిలో ‘కమరాద్’ అని రాయొచ్చు. దాని ఊనిక ‘క’ మీద, దీర్ఘం ‘రా’ మీద. పాటలో బలమైన దెబ్బను ‘క’ మీద వేయాలా, పొడవైన స్వరాన్ని ‘రా’కు ఇవ్వాలా? రెండూ కుదిరేలా బాణీ కట్టాలి. ఇంగ్లీషులో ఊనిక ఉన్న అక్షరమే సాధారణంగా సాగుతుంది, ఊనిక లేనివి చిన్నవై కరిగిపోతాయి. రాక్ సంగీతపు బాణీలు ఆ అలవాటు మీదే కట్టినవి. చాలా పంక్తులు బలం లేని చిన్న మాటతో మొదలై తర్వాతి దెబ్బ మీద వాలతాయి. పంక్తిని మొదటి అక్షరం మీదే గట్టిగా మొదలుపెట్టమనే చెక్ మాట ఆ బాణీల్లో ఎదురు తిరుగుతుంది.

బ్ర్నో నగర స్వరకర్త లియోష్ యానాచెక్ పంతొమ్మిదో శతాబ్దం చివర వీధిలో మాట్లాడే మాటల స్వరాలను పుస్తకంలో రాసుకుని, ఆ మాటతీరు నుంచే తన ఒపేరాల బాణీలను పెంచాడు. చెక్‌లో పాడే రాక్ బృందాలు కూడా ఏదో ఒక రూపంలో ఈ పని చేయక తప్పదు. టెప్లిత్సేలో 1985లో మొదలైన ఉజ్ యస్మె దోమా లయల్లోని వంకరటింకర మలుపులు చెక్ మాటకు చక్కగా సరిపోతాయి. సన్‌షైన్ ఇంగ్లీషును ఎంచుకోవడంతో ఆ దారి మూసుకుంది, ఇంకోటి తెరుచుకుంది. 120 దెబ్బల నృత్య నడక మీద ఇంగ్లీషు పొట్టి పంక్తులు శ్రమ లేకుండా వాలతాయి. చెక్‌లో పాడే బ్యాండ్ అయితే సింథ్ వైపు ఈ మలుపు ఇంత సాఫీగా తిరిగేది కాదు.

దీనికి మూల్యం కూడా ఉంది. ఎమో పాటకు ప్రాణం మాటలోని నిజాయితీ. పరాయి భాషలో గుండెకోత చెప్పినప్పుడు స్థానిక శ్రోతకు అది కొంత దూరంగానే వినిపిస్తుంది. న్యూవేవ్‌లో ఆ దూరం లోపం కాదు. చల్లదనం, ముసుగు అక్కడ శైలిలో భాగం. అంటే సన్‌షైన్ ఎంచుకున్న భాషకు ఎమో కన్నా తర్వాతి ధ్వనే ఎక్కువ నప్పింది.

అదే నేల మీద మరో దారి

ప్రాగ్‌కు చెందిన ల్వ్‌మెన్ కూడా అదే 1990ల హార్డ్‌కోర్ వలయం నుంచి వచ్చింది. అది నృత్యం వైపు రాలేదు. పాటలను సాగదీసింది, నెమ్మది చేసింది, సినిమాల నుంచి తీసిన మాటల ముక్కలను శాంప్లర్‌లో పెట్టి గిటారు హోరు మధ్య వదిలింది, కచేరీల్లో వెనక తెరమీద దృశ్యాలు నడిపింది. యంత్రం ఒకటే, పని వేరు. సన్‌షైన్ దానితో లయను బిగించింది, ల్వ్‌మెన్ దానితో లయను విప్పింది. కొత్త సామగ్రి చేతికి వస్తే బ్యాండ్లన్నీ ఒకేలా మారతాయన్న వాదనకు ఈ రెండు బృందాలే సమాధానం.

‘అమ్ముడుపోయారు’ అన్న నింద ఎంతవరకు నిలుస్తుంది

సొంతంగా కచేరీలు పెట్టుకుని, సొంతంగా రికార్డులు పంచుకునే హార్డ్‌కోర్ వలయంలో ధ్వని మారడమంటే విధేయత మారడమే. రొకిత్సానీ పట్టణం దగ్గరి విమానాశ్రయ మైదానంలో ఏళ్లపాటు జరిగిన ఫ్లఫ్ ఫెస్ట్ ఆ వలయానికి పెద్ద చిరునామా. ప్రాయోజకుల ప్రకటనలు లేకుండా, శాకాహార భోజనంతో, బ్యాండ్లు తమ రికార్డులను తామే బల్లల మీద పరచి అమ్ముకుంటూ సాగిన ఉత్సవమది. అటువంటి విలువల నుంచి చూసేవారికి నునుపైన రికార్డు వింటే అనుమానం కలగడం న్యాయమే. ఆ విలువలు లేకపోతే సన్‌షైన్ లాంటి బ్యాండ్ పుట్టేదే కాదు.

కానీ కాలక్రమం ఆ నిందకు అనుకూలంగా లేదు. డబ్బు కోసం ధ్వని మార్చుకుంటే ముందు అవకాశం రావాలి, తర్వాత మార్పు రావాలి. ఇక్కడ కీబోర్డులు, బిగిసిన లయలు చిన్న సంస్థల రోజుల్లోనే, కొద్ది ప్రతులు అచ్చయిన రికార్డుల్లోనే మొదలయ్యాయి. పైగా 2000 ప్రాంతంలో ఎమో పేరుతో డబ్బు రావడం అప్పుడప్పుడే మొదలైంది. జిమ్మీ ఈట్ వరల్డ్ 2001లో ‘బ్లీడ్ అమెరికన్’తో ఆ తలుపు తెరిచింది. లాభమే లెక్క అయితే గిటారు ఎమోలో ఉండిపోయి దాన్ని తీపి చేయడమే తెలివైన పని. సన్‌షైన్ సరిగ్గా ఆ సమయంలో ఆ గది నుంచి బయటికి నడిచింది.

నునుపు గురించి చేసే ఫిర్యాదులో మాత్రం కొంత బలముంది. ‘మూన్‌షవర్ అండ్ రేజర్‌బ్లేడ్స్’లో పొరలన్నీ శుభ్రంగా అమరాయి. పాత రికార్డుల్లో ఎప్పుడు కూలిపోతుందో అన్న భయం వినేవారిని పట్టి ఉంచేది, అది తగ్గింది. తాళం హెడ్‌ఫోన్‌లోకి వెళ్లినప్పుడే ఆ భయం తగ్గడం మొదలైందని చెప్పాలి, స్టూడియో ఖర్చు పెరిగినప్పుడు కాదు.

ఇకపై ప్రభావం ఎటు

ఎమోను తవ్వి తీసే కొత్త శ్రోతలు 2010ల నుంచి పెరిగారు. వారి దృష్టి అమెరికా మిడ్‌వెస్ట్ బ్యాండ్ల మీద, ముఖ్యంగా 1999లో తొలి ఆల్బమ్ చేసి కొద్ది కాలానికే విడిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఎక్కువ. గిటారు తీగలను ఎఫ్, ఎ, సి, జి, సి, ఇ స్వరాలకు శ్రుతి చేసి వాయించిన ఆ మెరిసే ధ్వనే ఎమో అని వారిలో చాలామంది స్థిరపడ్డారు. ఆ కొలబద్దతో చూస్తే సన్‌షైన్ తొలి పాటలు కూడా ఎమో కాకుండా పోతాయి, తర్వాతివి సరేసరి. తూర్పు, మధ్య యూరప్‌ల ఎమో చరిత్ర ఇలా జల్లెడలోంచి జారిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ కాలపు రికార్డులు ఎక్కువగా కొద్ది ప్రతుల వినైల్, క్యాసెట్లుగానే మిగిలాయి.

పాటల యాప్‌లు ముద్రల ఆధారంగా తర్వాతి పాటను ఎంచుతాయి. ఒక బ్యాండ్‌కు ఒకే ముద్ర వేస్తే పదేళ్ల మార్పులో సగం ఎవరికీ చేరదు. సన్‌షైన్‌ను కొత్తగా వినబోయేవారు ఆ సూచనలను పక్కనపెట్టి విడుదల క్రమంలో వినడం మంచిది: ముందు ‘వెల్వెట్ సూసైడ్’, తర్వాత ఎట్ ద డ్రైవ్-ఇన్‌తో చేసిన ఉమ్మడి రికార్డు, ఆపై ‘నెక్రోమాన్స్’. డ్రమ్స్ నడక ఎక్కడ స్థిరపడిందో, బేస్ ఎక్కడ ముందుకొచ్చిందో ఆ మూడింటిలోనే తెలిసిపోతుంది.